ఉదయపు నిశ్చయం, రాత్రి ఆకలి: లింగంపల్లి నుంచి ఊబకాయ చరిత్రపై ఒక పరిశీలన

రాత్రి పది గంటల వేళ లింగంపల్లి రైల్వే స్టేషన్ బయట కాసేపు నిలబడి చూడండి. హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కి ఇక్కడ దిగిన ఉద్యోగులు నేరుగా ఇంటికి పోరు. ఫ్రైడ్ రైస్ బండి దగ్గరో, బజ్జీల బండి దగ్గరో ఆగుతారు. వారిలో కొందరు ఆ ఉదయమే "ఇవాళ్టి నుంచి రాత్రికి రెండు చపాతీలే" అని గట్టిగా అనుకున్నవారే. పన్నెండు గంటల్లో ఆ నిశ్చయం ఏమైంది? ఈ ప్రశ్నను మనం సాధారణంగా వైద్యులకు వదిలేస్తాం. చరిత్ర విద్యార్థులు కూడా దీన్ని అడగాలని నా అభిప్రాయం.

దూరంలో ఉన్న పెద్ద లాభం కన్నా చేతికందే చిన్న లాభానికి ఎక్కువ విలువ ఇచ్చే స్వభావాన్ని అర్థశాస్త్రంలో 'కాల అభిరుచి' అంటారు. వడ్డీ ఎందుకు పుడుతుందో చెప్పడానికి 1889లో బాం బావర్క్ ఈ భావాన్ని వాడుకున్నాడు. 1937లో శామ్యూల్‌సన్ దానికి గణితరూపం ఇచ్చాడు. అతని లెక్కలో, ప్రతిఫలం ఆలస్యమయ్యే కొద్దీ దాని విలువ ఒకే రేటున తగ్గుతుంది. అదే నిజమైతే ఉదయం అనుకున్నది రాత్రికి మారకూడదు. కానీ మారుతోంది కదా! 1975లో జార్జి ఐన్‌స్లీ అనే మనోవైద్యుడు దీనికి కారణం చెప్పాడు. ప్రతిఫలం బాగా దగ్గరపడినప్పుడు దాని విలువ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే నూనె వాసన తగలగానే ఉదయపు మాట వెనక్కిపోతుంది.

దీన్ని మనోబలం లేకపోవడంగా చూడటం తేలిక, కానీ సరికాదు. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు పిల్లల ముందు ఒక మిఠాయి ఉంచి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామన్నారు. అంతకుముందు పెద్దలు మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవారు 3 నిమిషాలే ఆగారు. రేపటి మీద నమ్మకం లేనప్పుడు ఇప్పుడే తినడం తెలివైన పనే.

ఈ కోణంలో మన ప్రాంతాన్ని చూడండి. ఇది వాన మీద ఆధారపడి జొన్న పండించిన నేల. పేదింటికి బియ్యమే గొప్ప అయిన రోజుల్లో, 1983లో, కిలో రెండు రూపాయల పథకం వచ్చింది. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందితే వచ్చే ఫలితాలను పరిశీలించింది. అప్పటి సమస్య తిండి చాలకపోవడం. దొరికినప్పుడు కడుపునిండా తినమన్న పెద్దల మాట ఆ కాలం నుంచి వచ్చిందే.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తర్వాతి పాతికేళ్లలో కూర్చుని చేసే పని, అమెరికా పగటి వేళలకు సరిపోయే రాత్రి కొలువు, ఫోన్‌లో ఆర్డర్ చేస్తే గుమ్మానికి వచ్చే బిర్యానీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పూర్వం దంచి, విసిరి, పొయ్యి రాజేస్తే గానీ ముద్ద నోటికి అందేది కాదు. ఆ ఎదురుచూపు ఇప్పుడు అరగంటకు తగ్గింది. బరువు తగ్గడానికి మాత్రం ఇప్పటికీ నెలలు పడుతుంది. లింగంపల్లికి పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరిశీలించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు చేరింది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది.

అయితే ఇక్కడ ఒక వింత గమనించాలి. బిర్యానీ దగ్గర ఆగలేని ఉద్యోగే ఇరవై ఏళ్ల గృహరుణం తీరుస్తున్నాడు. ఓపిక లేనివాడు ఆ పని ఎలా చేస్తున్నాడు? రుణం వాయిదా జీతం పడగానే ఖాతాలోంచి దానంతటదే పోతుంది. ప్రతి నెలా మనసుతో పోరాడే పని లేదు. తిండి విషయంలో అలాంటి ఏర్పాటు లేదు. రోజుకు నాలుగైదుసార్లు పోరాడాలి.

అలాంటి ఏర్పాటును అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రయత్నించారు. 2008లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో 57 మంది పాల్గొన్నారు. ఒక బృందం తమ సొంత డబ్బును పందెంగా పెట్టింది. లక్ష్యం చేరకపోతే ఆ డబ్బు పోతుంది. చేరితే అదనపు సొమ్ముతో తిరిగి వస్తుంది. పదహారు వారాల్లో వారు సగటున 6 కిలోలకు పైగా తగ్గారు. ఏ పందెమూ లేనివారు రెండు కిలోలు కూడా తగ్గలేదు. ఏడో నెలకు, అంటే పందెం ఆగిపోయిన తర్వాత, తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చేసింది. గృహరుణం ఇరవై ఏళ్లు నిలబడుతుంటే ఈ పందెం ఏడు నెలలకే ఎందుకు వీగిపోయిందో మీ అధ్యయన కేంద్రంలో తోటి విద్యార్థులతో చర్చించండి.