కంప్యూటరు ప్రాసెసరు, మదర్‌బోర్డుల మార్పిడి

కంప్యూటరులోని పాత ప్రాసెసరును, అది అమరి ఉండే మదర్‌బోర్డును తొలగించి, వాటి స్థానంలో అధిక సామర్థ్యం గలవాటిని అమర్చడాన్ని ప్రాసెసరు, మదర్‌బోర్డుల మార్పిడి లేదా అప్‌గ్రేడ్ అంటారు. క్యాబినెట్టు, మానిటరు వంటి మిగిలిన భాగాలను పనికివచ్చినంతవరకు అలాగే ఉంచుతారు. ఇది ప్రధానంగా డెస్క్‌టాప్ కంప్యూటర్లకు వర్తిస్తుంది. నేటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసరును బోర్డుకే టంకం వేసి అతికిస్తున్నందున దానిని విడిగా మార్చడం సాధారణంగా సాధ్యపడదు.

రెండింటినీ కలిపి మార్చడానికి కారణం

ప్రాసెసరు మదర్‌బోర్డు మీది సాకెట్‌లో అమరుతుంది. సాకెట్, చిప్‌సెట్, బయోస్ ఈ మూడింటికీ పొసగిన ప్రాసెసరు మాత్రమే పనిచేస్తుంది. ఏ.ఎమ్.డి. సంస్థ 2016లో ప్రవేశపెట్టిన ఏ.ఎమ్.4 సాకెట్‌లో 2017 నాటి మొదటి రైజెన్ మొదలుకొని 2020లో వచ్చిన రైజెన్ 5000 శ్రేణి వరకు అమరుతాయి. కనుక చాలా ఏ.ఎమ్.4 బోర్డులలో బయోస్‌ను నవీకరించి ప్రాసెసరును మాత్రమే మార్చుకోవచ్చు. ఇంటెల్ సంస్థ 2015లో తెచ్చిన ఎల్.జి.ఎ. 1151 సాకెట్ విషయం వేరు. 2017లో వచ్చిన 8వ తరం ప్రాసెసర్లకు సాకెట్ పేరు అదే అయినప్పటికీ, పాత బోర్డులు పనికిరాలేదు. అందువలన సాకెట్ పేరు ఒక్కటే చాలదు. బోర్డు తయారీదారు ఇచ్చే ప్రాసెసర్ల పట్టికను కూడా చూడవలెను.

మందగమనానికి మూలం

కంప్యూటరు నెమ్మదించడానికి ప్రతిసారీ ప్రాసెసరే కారణం కాదు. రోజువారీ పని చేస్తున్నపుడు విండోస్‌లోని టాస్క్ మేనేజరును తెరచి పరిశీలించవచ్చు.

* ప్రాసెసరు వినియోగం ఎక్కువసేపు 100 శాతానికి చేరువలో ఉంటే మార్పిడి వలన ప్రయోజనం ఉంటుంది.
* మెమొరీ నిండిపోతూ ఉంటే ర్యామ్‌ను పెంచడం చాలు.
* ప్రాసెసరు ఖాళీగా ఉండి డిస్కు మాత్రం 100 శాతం చూపుతుంటే హార్డ్ డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చడం ఉత్తమం.

చివరి రెండింటికీ అయ్యే ఖర్చు సాధారణంగా మార్పిడి ఖర్చు కంటె తక్కువ.

ఆపరేటింగు సిస్టమ్

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 తోబాటు, ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఏ.ఎమ్.డి.లో రైజెన్ 2000 శ్రేణి లేదా ఆ తరువాతి ప్రాసెసరు అవసరం. వేగం సరిపోతున్నప్పటికీ ఈ నిబంధన వలన మార్పిడి అవసరం కావచ్చు. లినక్స్‌ను స్థాపించుకొనడం మరొక మార్గం. కంప్యూటరుతోబాటు వచ్చిన ఓ.ఇ.ఎమ్. లైసెన్సు పాత మదర్‌బోర్డుకే చెందుతుంది కనుక కొత్త లైసెన్సు కొనవలసి రావచ్చు.

ఇతర భాగాలపై ప్రభావం

* మెమొరీ: డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి స్థానం వేరు. ఒకదాని స్థానంలో మరొకటి అమరదు. 2022లో వచ్చిన ఏ.ఎమ్.5 బోర్డులు డి.డి.ఆర్.5ను మాత్రమే స్వీకరిస్తాయి.
* కూలరు: 2021 నాటి ఎల్.జి.ఎ. 1700లో కూలరు రంధ్రాల మధ్య దూరం 75 నుండి 78 మి.మీ.కు మారినందున పాత కూలరుకు వేరే బిగింపు కావాలి.
* క్యాబినెట్టు: ఎ.టి.ఎక్స్. బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఎ.టి.ఎక్స్. బోర్డు గరిష్ఠంగా 244 × 244 మి.మీ. ఉంటాయి. కొన్ని బ్రాండు కంప్యూటర్లలో ప్రత్యేక కొలతల బోర్డులు ఉండటం వలన ఇతర బోర్డులు పట్టవు.

మెమొరీ, కూలరు, పవర్ సప్లై కూడా మార్చవలసి వస్తే మొత్తం వ్యయాన్ని కొత్త కంప్యూటరు ధరతో పోల్చి చూడవలెను.

జాగ్రత్తలు

డిస్కు బిట్‌లాకర్‌తో గుప్తీకరించబడి ఉంటే, బోర్డు మార్చిన పిమ్మట రికవరీ కీ అడుగుతుంది. అది లేనిచో అందులోని ఫోటోలు, పత్రాలు తిరిగి దక్కవు. కనుక ముందుగానే కీని వ్రాసి పెట్టుకొని, దత్తాంశానికి మరొక ప్రతి తీసుకోవలెను. బయోస్ నవీకరణ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనిచేయకుండా పోవచ్చు, అందువలన యు.పి.ఎస్. ఉండటం మంచిది.

పాత భాగాలు

పనిచేసే పాత బోర్డు, ప్రాసెసరులను మరొకరు వాడుకోవచ్చు. పాడైన వాటిని చెత్తలో వేయరాదు. భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల (నిర్వహణ) నియమాలు, 2022 ప్రకారం వీటి పునశ్చక్రీకరణను నమోదిత సంస్థలే చేయవలెను.

ఇవి కూడా చూడండి

* మదర్‌బోర్డు
* ఆపరేటింగు సిస్టమ్
* లినక్స్