రైలుకట్ట మీద ఎవరి మాట చెల్లుతుంది?

రైలు నడవడం మానేసిన దారిని మనవాళ్లు ‘పాత రైలుకట్ట’ అంటారు. ‘కట్ట’ అనే మాటకు చెరువుతోనూ ఏటితోనూ సంబంధం ఉంది. చెరువుకట్ట బాగోగులు ఊరివే. రైలుకట్ట విషయంలో ఊరి హక్కు ఏపాటిదో చరిత్ర వేరుగా చెబుతుంది.

రైలుమార్గాలన్నీ కంపెనీలో ప్రభుత్వమో వేసినవనే అభిప్రాయం పాక్షికసత్యమే. మద్రాసు రాష్ట్రంలో కొన్ని మార్గాలను జిల్లా బోర్డులు వేయించాయి. తంజావూరు జిల్లా బోర్డు భూములపై రైల్వే సెస్సు విధించి, ఆ సొమ్ముతో మాయవరం–ముత్తుపేట మార్గాన్ని నిర్మింపజేసింది. అది 1894లో ప్రారంభమైంది. మార్గం బోర్డుది, దానిమీద బండ్లు నడిపింది సౌత్ ఇండియన్ రైల్వే. గుంటూరు జిల్లా బోర్డు పక్షాన తెనాలి–రేపల్లె మార్గం 1916లో వచ్చింది. మైసూరు సంస్థానంలో, తెలుగువారు తరతరాలుగా ఉంటున్న కోలారు సీమలో, జిల్లా బోర్డు బౌరింగ్‌పేట (నేటి బంగారుపేట)–కోలారు నారోగేజి మార్గాన్ని చేపట్టింది. అది 1913లో తెరుచుకుంది. అంటే రైతు చెల్లించిన సెస్సు రైలుకట్టగా మారిందన్నమాట.

తరువాత ఈ మార్గాలు ఒక్కొక్కటే ప్రభుత్వపరమయ్యాయి. 1950లో అమలుకు వచ్చిన రాజ్యాంగం రైల్వేలను కేంద్రజాబితాలో ఉంచింది. 285వ అధికరణం కేంద్రం ఆస్తులకు రాష్ట్రాల పన్నులనుంచీ, స్థానికసంస్థల పన్నులనుంచీ మినహాయింపు ఇచ్చింది. రాజ్యాంగానికి పూర్వమే ఉన్న పన్నులకు మాత్రం కొంత వెసులుబాటు కల్పించింది. 1989 నాటి రైల్వే చట్టం 184వ సెక్షను ప్రకారం, కేంద్రం నోటిఫికేషన్ ద్వారా ప్రకటిస్తే తప్ప, రైల్వే ఏ స్థానికసంస్థకూ పన్ను కట్టనక్కరలేదు. ఇక జిల్లా బోర్డులే రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1959 చట్టంతో జిల్లా పరిషత్తులు వచ్చాయి.

పట్టాలు ఎత్తివేసినప్పుడూ ఊరి మాట చెల్లలేదు. 1928లో వచ్చిన కాకినాడ–కోటిపల్లి మార్గం పట్టాలను 1940లో యుద్ధావసరాలకు ఊడదీశారు. యానాం ప్రజలకూ దగ్గరి రైలు అదే. తిరిగి బండి రావడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. అరవైనాలుగేళ్లు!

అయినా స్థానికసంస్థలు పూర్తిగా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. వీధిదీపం, మురుగుకాలువ, రోడ్డు వాడుకుంటున్నప్పుడు ఖర్చు ఇవ్వరా అని అడిగాయి. రాజకోట నగరపాలక సంస్థ తదితరుల వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఈ ‘సేవారుసుము’ స్థిరపడింది. సేవలన్నీ వాడుకుంటే ఆస్తిపన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50, ఏవీ వాడుకోకపోతే 33⅓ శాతం. ఇది పన్ను కాదు. పేరులోని ఈ తేడాలోనే అధికారపు తేడా ఉంది.

తంజావూరు, కోలారు ప్రాంతాల విద్యార్థులు తమ ఊరి పాత కట్టను పరిశీలించేటప్పుడు జిల్లా బోర్డు నివేదికలు కూడా వెదకాలి. సెస్సు ఏ గ్రామాలు కట్టాయి, మార్గం చేయి మారినప్పుడు బోర్డుకు ఏమి దక్కింది అన్న ప్రశ్నలకు సమాధానాలు అక్కడే దొరకవచ్చు. మూతపడిన మార్గపు భూమిని ఏం చేయాలన్న చర్చలో ఊరికి చోటుండాలని వాదించేవారికి ఆ లెక్కలే ఆధారం.