కుంచె దిద్దిన మబ్బులు: రంగూను కట్టడముల ఫొటో పుట్టుపూర్వోత్తరాలు

రంగూను నగరమున నేడు కెమేరా భుజమునకు తగిలించుకొని పాతకట్టడముల చుట్టు తిరుగు యువకులు, ఫొటో తీయుట ఒక విద్య యనియు, తీసినదానిని కంప్యూటరుపై దిద్దుట ఈ కాలమునకే చెందిన వేరొక మాయ యనియు తలచుట కద్దు; కాని ఆ నగరమున కట్టడముల ఛాయాగ్రహణపు తొలినాళ్లలోనే కుంచెయు దాని వెంట వచ్చినదని చరిత్ర చెప్పుచున్నది.

రెండవ బర్మాయుద్ధమున దిగువబర్మా కుంపిణీవారి వశమైన పిమ్మట, గవర్నరు జనరలు డల్‌హౌసీ 1855లో ఆర్థర్ ఫేయరు నాయకత్వమున మిండాన్ రాజు కొలువునకు రాయబారమును పంపెను. హెన్రీ యూల్ అందు కార్యదర్శి, కోల్స్‌వర్తీ గ్రాంట్ చిత్రకారుడు. చిత్రకారుడుండగనే ఫొటోగ్రాఫరును గూడ నియమించిరి. ఆతడు 12వ మద్రాసు పదాతిదళమునకు చెందిన కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్. హళేబీడు, బేలూరు దేవాలయములను అంతకుమున్నే ఫొటో తీసి మద్రాసు ప్రదర్శనమున మెప్పు పొందినవాడు.

ట్రైప్ గాజుపలకలను వాడక, మైనము పట్టించిన కాగితమునే నెగటివుగా గైకొనెను. తడియారకముందే పని ముగింపవలసిన గాజుకంటె, ముందుగా సిద్ధపరచి దాచుకొనదగిన కాగితము దూరప్రయాణమునకు అనువైనది. అయితే ఆనాటి వెండిలవణములు నీలికాంతికి మిక్కిలి లొంగును, ఆకుపచ్చకు మొండికెత్తును. చెట్టు తెలియువరకు కెమేరా తెరచియుంచినచో ఆకాశము మాడి, అచ్చులో మబ్బన్నది లేని బోసి తెలుపుగనో మరకల గుడ్డగనో కనబడును. అందుచేత ట్రైప్ పలు నెగటివులపై పలుచని రంగును కుంచెతో పూసెను. నెగటివుపై రంగు పడినచోట వెలుతురు చొరదు గనుక, అచ్చోట అచ్చులో తెల్లని మబ్బు తేలును. చీకటిముద్దగా నిలిచిన చెట్టుకొమ్మపై చిన్నచిన్న చుక్కలు పెట్టినచో ఆకులపై ఎండ తళుక్కుమనును. నేడు స్టూడియోలవారు టచింగు అని పిలుచుకొను పని ఇదియే.

రంగూనులోని ష్వెడగోను గోపురముతోడను, పగాను, అమరపురముల ఆలయములతోడను కూడిన 120 చిత్రములను ఏరి, బెంగుళూరులో ఒక్కొక్కటి ఏబదేసి ప్రతులు తీయించిరి. అనగా ఆరువేల అచ్చులు! సర్కారు దస్తావేజుగా పంచిన ఆ చిత్రములలోని మబ్బులు పెక్కింటియందు కుంచె పుట్టించినవే. ఇది మోసమా? కాదని నా యభిప్రాయము. ఆతడు గోపురమున పగులును పూడ్చలేదు, రాలిన సున్నమును తిరిగి అంటింపలేదు. కాగితమునకు చేతగానిదానిని మాత్రము చేతితో పూరించెను.

పిదప మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరై ట్రైప్ మనవారికి చేసిన మేలు కొంచెము కాదు. తెలుగు నాయకరాజు తిరుమల నాయకుడు మధురలో కట్టించిన పుదుమంటపపు స్తంభముల వరుసలను, లోపలి చీకటికి వెరవక, 1858లో పట్టెను. ఆ యేడే మద్రాసు మ్యూజియమున పడియున్న అమరావతి శిల్పములను గూడ తీసెను. మరుసటి యేడు వానిలో పెక్కు లండనునకు ఓడ నెక్కినవి. ఇంత పనిని గవర్నరు ట్రెవెల్యన్ విలాసవ్యయమని తలచి మాన్పించెను. విలాసమట!

తరువాతి కథ వేగముగా నడచెను. జర్మనుడైన ఫిలిప్ క్లియరు మౌల్మేను నుండి వచ్చి రంగూనులో స్టూడియో నడపెను. అహూజా కంపెనీ రంగులద్దిన పోస్టుకార్డులను అమ్మెను. ఆ రంగులలో ఎంత నిజమో కొన్నవారు అడుగలేదు.

ఈ విద్య నేర్వగోరువారికి నేడు ఆ నగరమున సెక్రటేరియట్ భవనమును మించిన పాఠశాల లేదు. హెన్రీ హోయిన్-ఫాక్స్ రూపకల్పనతో 1889లో మొదలై 1905 నాటికి పూర్తియైన ఈ ఎర్రయిటుకల కట్టడమును క్రిందనుండి కెమేరా పైకెత్తి తీసినచో గోడలు వెనుకకు పడిపోవునట్లు తోచును. కనుక కెమేరాను మట్టముగా నిలిపి, కటకమును మాత్రము పైకి జరుపవలయును, లేదా పిదప తెరపై గీతలను నిటారుగా లాగవలయును. లోపలి గదులలో చిక్కు వేరు: కిటికీకి తగిన వెలుతురు లోపలి మూలకు చాలదు, మూలకు చాలినది కిటికీని మండించును. స్టాండును కదల్పక, వేరువేరు వెలుతురులలో కొన్ని చిత్రములు తీసి, వానిని ఒకటిగా కలుపుట నేటి పద్ధతి. కంటికి రెండును ఒకేమారు కనబడును గనుక ఈ కలుపుటయు న్యాయమే.

కాని చెమ్మ మరకను తుడుచుట, గోడపగులున మొలచిన రావిమొక్కను పెరికివేయుట, 1947 జులై 19న బర్మా స్వాతంత్ర్యనాయకుడు ఆంగ్ సాన్ హతుడైన ఇచ్చటి గదికి కొత్త వెల్ల వేసినట్లు చూపుట న్యాయము కాదు. రేపు ఆ కట్టడమును బాగుచేయబూనిన ఇంజనీరునకు ఆ మరకయే మొదటి సాక్ష్యము. విద్యుత్తీగెల విషయమున నాకంత పట్టుదల లేదు. అమ్మకపు చిత్రమునుండి తీసివేసినను, దాచుకొను చిత్రమున ఉంచుడు. దిద్దని మూలప్రతిని తేదీతోసహా వేరుగా భద్రపరచుడు. దిద్దినదానిని దిద్దితిమని క్రింద వ్రాయుడు.