రెండవనాటి సాక్షులు

1955వ సంవత్సరము జూలై 13వ తేదీన లండను నగరమందలి రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో పనిచేయుచున్న ఒక వైద్యోద్యోగియు, ఒక వార్డు సిస్టరును జబ్బుపడిరి. గొంతునొప్పి, తలనొప్పి, మెడపై గ్రంథుల వాపు, కండరముల బాధ, కాలుసేతులలో పట్టు తప్పుట, ఇవి ఆ రోగపు లక్షణములు. జూలై 25న ఆసుపత్రిని మూసివేయవలసివచ్చెను. మరల తెరచినది అక్టోబరు 5న. నవంబరు 24 నాటికి సిబ్బందిలో 292 మంది దాని వాతబడగా, అందు 255 మందిని ఆసుపత్రిలోనే చేర్చుకొనిరి. అప్పటికే అచ్చట చికిత్స పొందుచున్న రోగులలో మాత్రము పండ్రెండుగురికే అది సోకెను. సేవచేయువారే సేవ చేయించుకొనవలసినవారైరి.

ఇట్టిది అదే మొదలు కాదు. 1934లో లాస్ ఏంజిలస్ ఆసుపత్రి సిబ్బందిలోను, 1948లో ఐస్‌లాండు దేశపు అకురేరి పట్టణములోను ఇటువంటి వ్యాధియే చెలరేగెను. 1956లో 'లాన్సెట్' పత్రిక దీనికి 'బినైన్ మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్' అని పేరు సూచించెను. కండరముల నొప్పితో కూడిన మెదడు, వెన్నుపాముల వాపు అని దాని తాత్పర్యము. 'బినైన్' అనగా అపాయము లేనిది. ఎవరును మరణింపలేదు గనుక ఆ విశేషణము! ఏండ్లతరబడి మంచమున పడియుండుట అపాయముల లెక్కలోనికి రాలేదు. పిమ్మట ఆ మాటను తొలగించిరి.

1970లో ఇద్దరు మనోవైద్యులు రాయల్ ఫ్రీ ఆసుపత్రి పాత రోగపత్రములను తిరుగవేసి, అది సామూహిక హిస్టీరియా యని 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ప్రకటించిరి. రోగులలో ఒక్కరితోనైనను వారు ముఖాముఖి మాటలాడలేదు. బాధపడినవారిలో స్త్రీలు హెచ్చుగా నుండుటయే వారికొక ప్రమాణమయ్యెను. వ్యాసము పండితులకొరకు వ్రాయబడినను దాని భారము మోసినవి ఇండ్లు. కుమార్తె లేవలేకున్నదని చెప్పిన తల్లికి ఆ పిమ్మట లోకమిచ్చిన సమాధానము, ఆమె లేవదలచుట లేదనియే.

ఈ వ్యాధి నడక తెలిసిననే గాని ఇంటివారి మాటకుగల విలువ తెలియదు. రోగి వైద్యుని యొద్దకు వచ్చునది తాను రాగలిగిన దినమున. గుమ్మము దిగి, బండియెక్కి, తన వంతు వచ్చువరకు కూర్చుండి, అడిగినవానికి బదులు చెప్పును. సాధారణ పరీక్షలలో దోషమేమియు కానరాదు. అసలు వ్యాధి బయటపడునది మరునాడు, ఒక్కొక్కప్పుడు మూడవనాడు. వెలుతురు సహింపదు, పళ్లెపు చప్పుడు సహింపదు, దువ్వెన పట్టుటకు చేయి లేవదు. కిటికీకి దుప్పటి కట్టువారు, చెంచాతో జావ పోయువారు, మాట తగ్గించి సైగలు నేర్చుకొనువారు, వీరే ఆ రెండవనాటిని చూచినవారు. ఇరుగుపొరుగువారు చూచినదియు వైద్యుడు చూచిన దినమే. "మొన్న నవ్వుచు మాటలాడినది గదా!" అను మాటలో కపటము లేదు, వారు చూచినది అంతవరకే.

బ్రిటనులో కొందరు తల్లిదండ్రులపై శిశుసంరక్షణాధికారుల విచారణలు సైతము నడచినవి. బిడ్డను బడికి పంపకుండుటయే నేరమునకు గుర్తుగా తోచినది. 2021లో వెలువడిన అచ్చటి జాతీయ చికిత్సా మార్గదర్శకములలో, ఈ రోగలక్షణములను నిర్లక్ష్యమునకో హింసకో చిహ్నములుగా పొరబడరాదని ప్రత్యేకముగా హెచ్చరింపవలసివచ్చెనన్న, ఆ గృహములలోని భీతి ఎట్టిదో ఊహింపవచ్చును.

1984-85లలో అమెరికాలోని నెవాడా రాష్ట్రమున ఇంక్లైన్ గ్రామములో ఇట్టి రోగులు అనేకులు కనబడిరి. 1988లో ఆ దేశపు వ్యాధినియంత్రణ సంస్థ ఆధ్వర్యమున 'క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్' అను నామము స్థిరపడెను. దీనిని దీర్ఘకాలిక అలసట యని తెనిగించుచున్నాము గాని, అనువాదకునిగా నాకు తృప్తి లేదు. అలసట యనగానే దానికి ముందు పనియు, వెనుక విశ్రాంతియు స్ఫురించును. హిందీలోని థకాన్, థకావట్ అను మాటలును అట్టివే. నిదురించినను తీరనిదానికి బడలిక చాలదు, నీరసము చాలదు; నిస్సత్తువ కొంత దగ్గర.

మన దేశమునందలి ఒక పరిశీలన ఇచ్చట స్మరింపదగియున్నది. గోవాలో 18 మొదలు 50 ఏండ్ల వయసుగల స్త్రీలను గూర్చి విక్రమ్ పటేల్ ప్రభృతులు జరిపి, 2005లో ప్రకటించిన సర్వేలో నూటికి పండ్రెండుగురు దీర్ఘకాలపు అలసటను చెప్పుకొనిరి. అప్పులు, ఆకలి, మనోవ్యథ దానితో ముడిపడియుండెను. ఇది లండను రోగమే యని నేననను. రెండింటిని కలిపివేయుట తప్పు. అయినను అడిగినవారు కలిగినపుడు గాని ఆ స్త్రీలు లెక్కకు రాలేదు.

చికిత్స విషయమున వివాదము తీవ్రమయ్యెను. 641 మంది రోగులతో బ్రిటనులో జరిగిన 'పేస్' ప్రయోగ ఫలితములు 2011లో 'లాన్సెట్'లో వెలువడినవి. క్రమక్రమముగా వ్యాయామము పెంచుటయు, ఆలోచనాసరళిని దిద్దుటయు మేలుచేయునని అందు తేల్చిరి. వ్యాయామముచే తమవారు కుప్పగూలుట కన్నులార చూచిన కుటుంబములు దీనిని నమ్మలేదు. ఆస్ట్రేలియాలోని ఒక రోగి సమాచారహక్కు క్రింద మూలాంకములను కోరగా, విశ్వవిద్యాలయము నిరాకరించెను. 2016లో న్యాయాధికరణము ఇయ్యవలెనని తీర్పుచెప్పెను. మొదట ఉద్దేశించిన కొలతలతో మరల లెక్కించినపుడు కోలుకొన్నవారి సంఖ్య బాగుగా తగ్గిపోయెను. 2021 నాటి మార్గదర్శకములు ఆ వ్యాయామపద్ధతిని సూచింపరాదనినవి. రోగి సంఘముల పట్టుదలలో కోపముండెను, కొన్నిచోట్ల మితిమీరిన మాటలు నుండెను. అంతమాత్రమున వారి లెక్క తప్పు కాలేదు.

ఈలోపల పరిశోధన యొక దారి మార్చుకొనెను. రోగిచే ఒకనాడు సైకిలు తొక్కించి ఊరకుండక, మరునాడును తొక్కించి శ్వాసను కొలిచిరి. మొదటినాడు ఆరోగ్యవంతులకు దీటుగా నున్నవారు సైతము రెండవనాడు వెనుకబడిరి. 2015లో అమెరికా వైద్యసంస్థ నివేదిక, శ్రమానంతరము వ్యాధి ముదురుటను ముఖ్యలక్షణములలో చేర్చెను. తల్లులు చిరకాలముగా చెప్పుచున్నది ఇదియే గదా! స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి జన్యుశాస్త్రవేత్త రాన్ డేవిస్ విషయమున తండ్రియు పరిశోధకుడును ఒక్కరే. కుమారుడు ఈ వ్యాధిచే శయ్యాగతుడైన పిమ్మట ఆయన తన ప్రయోగశాలను దీనివైపు త్రిప్పెను.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము రోగి సంఘములతో కలిసి నడపిన 'డీకోడ్ ఎం.ఇ.' పరిశోధన తొలి ఫలితములు 2025 ఆగస్టులో వెలువడినవి. 15,579 మంది రోగుల జన్యుసామగ్రిని పరిశీలింపగా, ఈ వ్యాధితో సంబంధముగల ఎనిమిది తావులు జన్యుక్రమమున కానవచ్చెను. ఈ పరిశోధన రూపకల్పనలో రోగులకును, వారిని కనిపెట్టుకొనియున్నవారికిని పాలు కలదు. ఎవరును ఆసుపత్రికి రానక్కరలేకపోయెను. లాలాజలము పట్టుటకు చిన్న గొట్టము తపాలాలో ఇంటికే వచ్చెను. తల యెత్తలేనివారికి దానిని పెదవులకడ పట్టుటయు, మూతబిగించి తపాలాపెట్టెలో వేసివచ్చుటయు ఇంటివారి పనియయ్యెను.