దానికి టిక్కెట్టేటి?

2016 ఫిబ్రవరి 7. ఆదివారం. తెల్లవారుజామున నాలుగు గంటలు.

బెంగళూరు తూర్పు కొసన, కుందలహళ్లిలోని ఓ ప్రైవేటు బడి. సెలవు రోజు కాబట్టి పిల్లల అలికిడి లేదు. సీసీటీవీ కెమెరా ఒక్కటే మేలుకుని ఉంది. దాని కంటి ముందు నుంచి ఓ చిరుతపులి దాటి వెళ్లింది.

అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, హూడిలో, కాసేపటికి నేను నిద్ర లేచి బూట్ల లేసులు బిగించుకున్నాను. ఆదివారం మాకు లాంగ్ రన్ రోజు. అప్పటికి హూడికి మెట్రో రాలేదు. ఆ వేళ రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్లు, పాల వ్యాన్లు, నైట్ షిఫ్టు దిగిన క్యాబులు తప్ప ఏమీ ఉండవు. హూడి సర్కిల్ దాటి, ఐటీపీఎల్ పక్కగా కుందలహళ్లి దాకా వెళ్లి వెనక్కి రావడం నా మామూలు రూటు.

మాది విశాఖపట్నం. తారు రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తినా నా ధ్యాసంతా కంబాలకొండ మట్టిదారి మీదే. సెలవుకి ఇంటికి వెళ్తే మొదటి తెల్లారి అక్కడే. ఎదురుగా జాతీయ రహదారి, దాని అవతల జూ, ఇంకాస్త అవతల సముద్రం. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలో ఉన్న ఆ అడవి 1970లో అటవీ శాఖ చేతికొచ్చింది. ఇప్పుడది అభయారణ్యం. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. మెరక ఎక్కితే చెమట మీద ఉప్పుగాలి తగులుతుంది. హూడి పొగలో పరుగెత్తేటప్పుడు నేను మనసులో పరుగెత్తేది ఆ దారిలోనే.

ఆ ఉదయం కూడా అలాగే చెవుల్లో పాట పెట్టుకుని, చీకట్లో, కుందలహళ్లి దాకా వెళ్లి వచ్చాను. ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. చేతి గడియారం మాత్రం కిలోమీటరుకోసారి మోగింది.

* * *

స్నానం చేసి ఆంధ్రా మెస్సుకి వెళ్లేసరికి అందరి చేతుల్లో ఇడ్లీ ప్లేట్లు అలాగే ఉన్నాయి. తలలన్నీ టీవీ వైపే. వడ్డించే కుర్రాడిది కుప్పం. నా బూట్లు చూసి దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఏ పక్క పోయొచ్చినావు పొద్దున?"

"కుందలహళ్లి."

"దేవుడా! చిరతపులి ఆడ్నే ఉండాది గదన్నా!"

నవ్వేశాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తెర మీద ఆ బడి గోడ కనిపించింది. దానికి కాస్త దూరంలోనే గంటన్నర కింద నేను ఆగి, సీసా మూత తీసి, నీళ్లు తాగాను.

* * *

లోపల జరిగింది ఆ సాయంత్రానికి దేశమంతా చూసింది.

అది సుమారు ఎనిమిదేళ్ల మగ చిరుత. అటవీ సిబ్బంది, పోలీసులు, పశువైద్యులు బడిని చుట్టుముట్టారు. బయట జనం, కెమెరాలు, కేకలు. చిరుతను పట్టడమంటే వల విసిరి లాగడం కాదు. మత్తుసూది సరైన చోట దిగాలి, మందు మోతాదు సరిపోవాలి, ఆ తర్వాత జంతువుని కదిలించకుండా వదిలేయాలి. బెదిరిన జంతువు ఒంట్లో మందు త్వరగా పని చేయదు. సూది తగిలాక కూడా అది లేచి దూకగలదు. చుట్టూ వందల గొంతులు అరుస్తుంటే బెదరకుండా ఎలా ఉంటుంది?

ఆ బృందంలో సంజయ్ గుబ్బి ఉన్నారు. కర్ణాటక చిరుతల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన శాస్త్రవేత్త. బడి ఈతకొలను దగ్గర చిరుత ఒక్కసారిగా బయటపడింది. ఆయన పరుగెత్తి గేటు పట్టుకుని పైకి ఎగబాకారు. రెండు చేతులూ గేటు మీద, ఒక కాలు గాల్లో. అవతలికి దూకడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం చిక్కలేదు. చిరుత వెనక నుంచి అందుకుంది. ఆయన కింద పడ్డారు. మీదికొచ్చి చేతిని కరిచింది. పెనుగులాడి ప్రాణాలతో బయటపడ్డారు. ఆ రోజు గాయపడినవాళ్లలో ఓ అటవీ ఉద్యోగి కూడా ఉన్నారు.

మందు పూర్తిగా పనిచేసి చిరుత చిక్కేసరికి రాత్రి ఎనిమిదింపావు. దాన్ని బన్నేరుఘట్ట జూకి తరలించారు.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మొదట చిరుతను చూశాను. తర్వాత గుబ్బిని. చివరికి ఆ పరుగును. చిరుత ముందు పరుగెత్తకూడదని ఆయనకు తెలియకనా? అడవిలో ఎదురుపడితే దానివైపే మొహం పెట్టి నిలబడాలి, చేతులు చాచి మనిషి ఆకారం పెద్దదిగా చూపాలి, వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి జరగాలి. పరుగెత్తేది ఏదైనా పిల్లి జాతి కంటికి వేట. ఇవన్నీ నలుగురికీ చెప్పే మనిషికే, నాలుగు గోడల మధ్య అది మీదికొస్తే పరుగు తప్ప దారి లేకపోయింది.

అడవిలో పరుగు నా సరదా. చిరుత కళ్లతో చూస్తే నేనేమిటి? ఆ రాత్రి మొదటిసారి ఈ ప్రశ్న తగిలింది.

* * *

ఆ వారమంతా వైట్‌ఫీల్డ్ వైపు భయం. ఇంకో చిరుత కనిపించిందని ఒకరు, రెండని ఇంకొకరు. వందకు పైగా బడులకు సెలవిచ్చారు. మా పరుగు గుంపు ట్రెడ్‌మిల్లెక్కింది. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ది చిత్తూరు పక్క పల్లె. గేటు దగ్గర రోజూ అదే మాట: "వద్దు సార్, తెల్లారినాంక పోదురుగానీ."

సరిగ్గా మరుసటి ఆదివారం రాత్రి ఆ చిరుత బన్నేరుఘట్టలో బోను చువ్వల సందులోంచి దూరి పారిపోయింది. మెస్సులో కుప్పం కుర్రాడు ఆ వార్త విని చప్పట్లు కొట్టాడు. ఎందుకని అడిగితే, "ఏమోన్నా, మంచిదనిపించింది" అన్నాడు.

మన దేశంలో 13,874 చిరుతలున్నాయని 2022 అంచనా. అందులో కర్ణాటకలో 1,879, ఆంధ్రప్రదేశ్‌లో 569. పులికి పెద్ద అడవి కావాలి. చిరుతకు చెరుకు తోట, రాళ్లగుట్ట, ఊరి వెనక పొద చాలు. కుక్క దొరికినా, మేక దొరికినా కాలం వెళ్లదీస్తుంది. మనిషి కంటపడకుండా మనిషి పక్కనే బతకడం దాని విద్య. కుందలహళ్లిలో ఆ విద్య ఒక్క రాత్రికి తప్పింది, అంతే.

* * *

మరుసటి సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. భోగి మర్నాడో ఆ మర్నాడో, గేటు తెరిచే వేళకి కంబాలకొండ చేరాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరగ్గొట్టిన చెట్ల మోళ్లు అక్కడక్కడ ఇంకా ఉన్నాయి. వాటి పక్క నుంచే కొత్త కొమ్మలు లేచాయి. రాత్రి మంచుకి మట్టి మెత్తగా ఉంది. గేటు దగ్గర పెద్దాయన టిక్కెట్టు చింపి ఇస్తూ నా బూట్ల వైపు చూశాడు.

"పరిగెడతారేటి బాబూ?"

"అవునండీ. చిరుత ఉందంటారు, నిజమేనా?"

"ఉంది. ఉండకేం!"

"మరి భయం లేదా?"

"పగలు దానికి మనమంటే భయం బాబూ. సాయంత్రం అయితే ఎవల్నీ లోనికి ఒగ్గం. మీరంటే టిక్కెట్టు కొనుక్కొని వొచ్చినారు. దానికి టిక్కెట్టేటి?"

నవ్వుకుంటూ పరుగు మొదలుపెట్టాను. ఈసారి చెవుల్లో పాట లేదు. పికిలిపిట్టలు, ఎక్కడో నెమలి, అడుగుల చప్పుడు. కళ్లు మాత్రం పాత అలవాటు మానలేదు. గడియారం మీదకే పోతున్నాయి. మెరక దగ్గర వేగం తగ్గిందని పళ్లు బిగించాను. దారి తిరిగే చోట ఆగి, నీళ్లు తాగి, వెనక్కి మళ్లాను.

దిగే దారిలో బూటు లేసు ఊడింది. కట్టుకోవడానికి కూర్చున్నాను.

మోకాలి ముందు, మెత్తటి మట్టిలో, నా అరచేతికి మించని గుర్తు. నాలుగు వేళ్లు, వెనక మెత్త. గోళ్ల గీతలు లేవు. కుక్క అడుగైతే గోళ్లు పడతాయి, పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. దాని ముందు ఇంకొకటి. ఆ ముందుది సగమే ఉంది. మిగతా సగం మీద నా బూటు అడుగు అచ్చుగుద్దినట్టు పడి ఉంది.

వెళ్లేటప్పుడు తొక్కిందే. రాత్రెప్పుడో అది ఇటుగా నడిచింది. తెల్లారాక దాని అడుగులో అడుగేసి నేను పరుగెత్తాను. నాకు తెలియలేదు, ఎందుకంటే నేను గడియారం చూస్తున్నాను.

కుందలహళ్లి బడి గోడ గుర్తొచ్చింది. అక్కడా ఇంతే. నా రూటని నేననుకున్న దారిలో నాకంటే ముందు అది వెళ్లింది. అక్కడ కెమెరా చెప్పింది, ఇక్కడ మట్టి చెప్పింది. నేను మాత్రం రెండుసార్లూ ఆలస్యంగానే విన్నాను.

లేసు బిగించి లేచాను. కాళ్లు పరుగెత్తమన్నాయి. పరుగెత్తలేదు. ఆ గుర్తుల్ని తొక్కకుండా దారి అంచున, ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగాను. గడియారం ఒకసారి మోగింది. తల తిప్పలేదు.

గేటు దగ్గర పెద్దాయన బీడీ ఆర్పి అడిగాడు: "కనబడిందేటి?"

"అడుగు కనబడింది."

"మరింకేటి కావాలి," అన్నాడు.

ఆ రోజు పరుగు లెక్క ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అన్ని కిలోమీటర్లూ ఆరూ ఏడూ నిమిషాలే. ఒక్కదానికి మాత్రం ఇరవై రెండు. హూడిలో కొత్తగా మా గుంపులో చేరిన కుర్రాళ్లు అది చూసి, "ఏమైందన్నా, కాలు పట్టేసిందా?" అని అడుగుతుంటారు. కాదంటాను. నేను చేసిన పరుగుల్లో మంచి కిలోమీటరు అదేనంటే నమ్మరు.