పులిజూదమూ చదరంగమూ

ఖమ్మం మొదలు భద్రాచలం అడవుల అంచు వరకు పల్లెలలో, రచ్చబండ మీద సుద్దముక్కతో గీసి ఆడుకునే పులిజూదం మన శ్రోతలకు కొత్త కాదు. 3 పులులు, 15 మేకలు. పులి మేకను దూకి చంపగలదు; మేకకు ఆ శక్తి లేదు. మేకలన్నీ కూడి పులులను కదలకుండా కట్టివేయాలి. అక్కడ హెచ్చుతగ్గులు పావులలోనే ఉన్నాయి. చదరంగంలో ఇరుపక్షాల బలమూ 16 పావులే. హెచ్చుతగ్గులు ఉన్నదల్లా ఆడే మనుషులలో.

ఆ తేడాను కొలవడానికి ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతిని స్వీకరించింది. ఇద్దరి నడుమ 80 పాయింట్ల అంతరం ఉంటే, 100 ఆటలలో పైవారికి సుమారు 61 పాయింట్లు రావాలని దాని లెక్క.

2025 జులైలో జార్జియా దేశపు బటూమి నగరంలో, మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో, ఇంచుమించు ఇంతే అంతరం గల ఇద్దరు భారతీయ వనితలు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరు కృష్ణా జిల్లా ఆడపడుచు కోనేరు హంపి. వయస్సు 38. 2002లో, 15 ఏళ్ల ప్రాయంలో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ 2024లోనూ ర్యాపిడ్ ఆటలో ప్రపంచ విజేత. రెండవవారు నాగపూరు యువతి దివ్య దేశ్‌ముఖ్. వయస్సు 19. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన నాటికి ఆమె పుట్టనే లేదు. క్వార్టర్ ఫైనల్‌లో మరొక తెలుగు వనిత ద్రోణవల్లి హారికను ఓడించి ఫైనల్‌కు వచ్చింది.

రెండు దీర్ఘమైన ఆటలు డ్రా అయ్యాయి. జులై 28న ర్యాపిడ్ ఆటలు. హంపి రెండుమార్లు జగజ్జేతగా నిలిచిన విద్య అదే కదా! మొదటి ఆట మళ్లీ డ్రా. రెండవ ఆటలో తెల్లపావులు హంపివి. గడియారంలో క్షణాలు కరిగిపోతున్న వేళ ఆమె పొరపడింది. నల్లపావులతో దివ్య గెలిచింది. ఆ గెలుపే ఆమెను భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టరును చేసింది.

మరి లెక్క తప్పిందా? తప్పలేదు. పైవారికి 61 అన్నప్పుడే తక్కినవారికి 39 అని ఒప్పుకున్నట్లు. 2000లో, 13 ఏళ్ల బాలికగా హంపి బ్రిటిష్ మహిళల పోటీలో పెద్దలను మించి విజేత అయిన నాడు, ఆమె ముందు ఉన్నదీ అటువంటి అవకాశమే.

మేము తల్లిదండ్రులకు విన్నవించేది ఒక్కటే. మీ బిడ్డ తనకంటె గట్టివారితో పోటీకి కూర్చున్నప్పుడు, ఎదుట ఉన్నది ఎవరో చెప్పి బెదరగొట్టకండి. బల్ల మీద పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోమనండి.