మోటారు పొగగొట్టపు చరిత్ర

ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము సరేనన్నాము గాని, ఏమి వ్రాయాలో తోచలేదు. శాతవాహనులను గురించి, కృష్ణరాయలను గురించి వ్రాయగల పెద్దలు మన సంఘములో వున్నారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని చేయుచున్న వారము. మాకు కొద్దో గొప్పో తెలిసినది యినుము, పొగ, రాకపోకలు. కనుక మోటారుబండి పొగగొట్టమును గురించి, అందులోనూ చిన్న బండ్లకు, స్పోర్ట్సు కార్లకు మంచి ధ్వని వచ్చునట్లు, బండి కింద చక్కగా అమరునట్లు ఆ గొట్టమును మార్చి పేరు తెచ్చుకున్న ఒక మనిషిని గురించి వ్రాయుచున్నాము. నవ్వదలచిన వారు కడవరకు చదివి నవ్వవలెనని మనవి.

ఈ సంగతి మా తలకెక్కడానికి కారణము మా వాడలోని మేస్త్రి. అతని తాత పాలమూరు నుండి బొంబాయి వచ్చి రాళ్లు మోసినాడు. తండ్రి కుర్లా వైపు ఒక షెడ్డులో వెల్డింగు నేర్చినాడు. మేస్త్రి చేతికి వచ్చేసరికి అది సైలెన్సర్ల కొట్టు అయినది. కుర్లాలోనే ప్రీమియర్ కంపెనీవారు ఇటలీ దేశపు ఫియట్ 1100 బండిని తయారుచేసేవారు. 1970ల నుండి దానికే ప్రీమియర్ పద్మిని అని పేరు. నలుపు పసుపు రంగుల ఆ టాక్సీలు వేలకొద్దీ తిరిగిన రోజులలో మేస్త్రి కుటుంబము గొట్టాలు వంచియే బ్రతికినది. గొట్టములోకి ఎండిన ఇసుక దట్టించి, రెండు కొసలు బిగించి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచితే నలగకుండా వంగుతుంది. ఇది వారి యింటి విద్య. 2023 అక్టోబరు చివరతో ఆ టాక్సీల గడువు తీరినది. అప్పటి నుండి కొట్టు వారానికి మూడు రోజులే తెరుస్తున్నారు.

అసలు ఈ గొట్టము ఎందుకో ముందు చెప్పాలి. ఇంజనులో పెట్రోలు మండిన తరువాత మిగిలిన వేడి గ్యాసు, వాల్వు తెరుచుకొనగానే ఒక్క ఉదుటున బయటికి తన్నుకొని వస్తుంది. ప్రతి ఉదుటు ఒక చిన్న ఫిరంగి మోత వంటిది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు నూరు మోతలు వస్తాయి. విడివిడిగా వినపడక అన్నీ కలిసి ఒక స్వరమవుతాయి. ఆ స్వరమును పూర్తిగా నొక్కివేయడమా, కొంత మిగల్చడమా అనేదే యీ చరిత్ర అంతా.

రైల్వేవారికి యిది కొత్త కాదు. మా తాతగారు షోలాపూరు వైపు ఆవిరి ఇంజనుపై ఫైర్‌మనుగా పనిచేసినారు. రెండు సిలిండర్ల ఇంజను చక్రము ఒకసారి తిరిగితే నాలుగు దెబ్బలు వినపడాలని, అందులో ఒకటి కుంటితే వాల్వు అమరిక తప్పినట్లని ఆయన అనేవారు. ఆవిరి ఇంజనులో వాడిన ఆవిరిని వృథాగా పోనీయక పొగగొట్టములోకి చిమ్మిస్తారు. ఆ ఊపుకు నిప్పుగూటిలోకి గాలి లాగబడి మంట రేగుతుంది. 1804లో ట్రెవితిక్ తన ఇంజనులో వాడిన ఆవిరిని పొగగొట్టములోకే పంపినాడు. మోటారుబండిలో కూడా అంతే. గొట్టము పొడవు, లావు సరిగా కుదిరితే ఒక సిలిండరు నుండి వెడలిన గ్యాసు ఊపు, తరువాతి సిలిండరు గ్యాసును వెంట లాగుతుంది. గొట్టము ఇరుకైతే ఇంజనుకు ఊపిరాడదు. మరీ లావైతే ఆ ఊపు చచ్చిపోతుంది.

మొదటి మోటార్లకు గుర్రాలు బెదిరేవి. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు కొలంబస్ పట్టణములో రీవ్స్ సోదరులు 1897లో ఇంజను మోత తగ్గించు సాధనమునకు పేటెంటు పొందినారు. ఆ వెనుక కొన్నేళ్లకు బండ్లలో ఒక ఉపాయము కూడా వచ్చినది: కాలితో మీట తొక్కితే గ్యాసు సైలెన్సరును దాటవేసి నేరుగా బయటికి పోతుంది. ఊరిలో మర్యాదగా, ఊరు దాటగానే గర్జనగా పోవచ్చు. మనుషులు ఊరు దాటేదాకా ఆగలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనుచోట 1907లో పందెపు బాట కట్టినారు. ఆ జూన్‌లోనే ఎడ్జ్ అనువాడు నేపియర్ బండిపై ఇరువది నాలుగు గంటలు ఏకధాటిగా నడిపి చూపినాడు. చుట్టుపట్ల కాపురమున్న వారికి ఆ రాత్రి నిద్ర లేదు. గొడవ చేసి రాత్రి పరుగులు మాన్పించినారు. అందువలననే 1929లో ఇరువది నాలుగు గంటల పందెము పెట్టదలచినప్పుడు, పగలు పన్నెండు గంటల చొప్పున రెండు రోజులు నడిపి, నడుమ రాత్రి బండ్లకు తాళము వేసినారు. అంతకుముందే 1920ల నడుమ, ఇరుగుపొరుగువారు కోర్టుకెక్కిన మీదట, పందెపు బండ్లకు కూడా పెద్ద సైలెన్సరు తప్పనిసరి అయినది. బుంగవంటి డబ్బా, కొసన చేపతోక వలె వెడల్పైన మూతి. దానికి బ్రూక్‌లాండ్స్ డబ్బా అనియే పేరు. తమాషా ఏమనగా, నోరు మూయించుటకు పుట్టిన ఆ డబ్బాయే తరువాత వేగమునకు గుర్తయి, పందెమునకు ఎన్నడూ పోని షోకిలాలు కూడా దానిని తగిలించుకున్నారు.

ఇక మేము చెప్పదలచిన మనిషి కార్ల్ అబార్త్. 1908 నవంబరులో వియన్నాలో పుట్టినాడు. వృశ్చిక రాశివాడు గనుక తేలు బొమ్మను తన గుర్తుగా పెట్టుకున్నాడు. మొదట మోటారుసైకిలు పందెగాడు. 1934లో అతడు సైడ్‌కారు బండిపై, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతో పోటీగా, బెల్జియములోని ఆస్టెండ్ నుండి వియన్నా దాకా సుమారు 1,300 కిలోమీటర్లు నడిపి రైలును ఓడించినాడు. రైల్వే ఉప్పు తినుచున్న మాకు యిది ఒప్పుకొనుటకు కష్టమే. అయినా రైలు స్టేషన్లలో ఆగవలెను, అతడు ఆగనక్కరలేదు అని సమాధానపడినాము. తరువాత యుగోస్లావియాలో జరిగిన పెద్ద ప్రమాదముతో అతని పందెములు ముగిసినవి. యుద్ధము ముగిసిన పిమ్మట ఇటలీ చేరి, చిసిటాలియా అను పందెపు కార్ల కంపెనీలో పనిచేసినాడు. అది దివాలా తీసినప్పుడు దాని బండ్లు కొన్ని తీసుకొని 1949లో తన పేర సొంత కంపెనీ పెట్టినాడు. 1950 ఏప్రిలులో ప్రఖ్యాతుడైన నువొలారి తన చివరి గెలుపు పొందినది అబార్త్ బండి మీదనే.

కీర్తి వచ్చినది గాని, పందెములతో కూలివాండ్రకు జీతాలు ఇవ్వడము కుదరదు. యుద్ధానంతరపు ఇటలీలో స్పోర్ట్సు కారు కొనగలవారెందరు? ఉన్నవల్లా చిన్న ఫియట్లు. 1957లో వచ్చిన కొత్త ఫియట్ 500 సంగతి చూడండి: రెండు సిలిండర్లు, 479 సీసీ, పదమూడు గుర్రాల బలము. అటువంటి బండి యజమాని కొత్త ఇంజను కొనలేడు, గొట్టము కొనగలడు. ఈ కిటుకు అబార్త్ పట్టినాడు. అతని సైలెన్సరులో గ్యాసు అడ్డగోడల చుట్టూ తిరగక, చిల్లుల గొట్టము గుండా నేరుగా పోతుంది. చుట్టూ దట్టించిన గాజుదూది మోతలోని చెవులు చిల్లులుపడే భాగమును పీల్చుకుంటుంది. లోతైన స్వరము మిగులుతుంది. పైన నల్ల రంగు, కొసన తళతళలాడే క్రోము మూతులు. బలము పెరిగినది కొంచెమే. కాని పదమూడు గుర్రాల బండి కూడా తోక తొక్కిన పులివలె పలికేది. అది చాలు, కుర్రవాండ్రు ఎగబడినారు. ఇతర దేశాలకు కూడా విరివిగా పంపి, ఆ సొమ్ముతో అతడు పందెపు బండ్లు కట్టినాడు.

మా మేస్త్రి మెచ్చుకున్నది ధ్వనిని కాదు, అమరికను. ఒకటే డబ్బాను అన్ని బండ్లకూ అంటగట్టక, ఏ బండికి ఆ బండికి వేరువేరుగా కొలిచి చేసినాడు అబార్త్. ఫియట్లకు వేరు, ఫోక్స్‌వాగన్‌కు వేరు, పోర్షే 356కు వేరు. ఫియట్ 500లో ఇంజను వెనుక వుంటుంది, రెండు సిలిండర్లదై దడదడ వణుకుతుంది. గొట్టము ఇంజనుతోపాటు కదలవలెనే గాని బండి రేకుకు ఎక్కడా తగలరాదు. తగిలితే బండి అంతా తంబురా బుర్ర అవుతుంది.

ఈ తంబురా సంగతి మాకు స్వయముగా అనుభవమైనది. పోయిన ఏడు ఒక పెద్దమనిషి తన తండ్రినాటి ఫియట్ 1100ను మేస్త్రి దగ్గరకు తెచ్చి, దానికి స్పోర్ట్సు కారు ధ్వని కావాలన్నాడు. చాలాకాలానికి వచ్చిన పెద్ద బేరము. ముందు ఒక కొట్టులో సిద్ధముగా వున్న సైలెన్సరు తెచ్చి బిగించినారు. ఫ్లాంజి బోల్టులే కలియలేదు, వెనుక భాగము ఇరుసుకు కొట్టుకున్నది. రెండవ సారి పాత డబ్బాను కోసి లోపలి అడ్డగోడలు తీసివేసినారు. ఆ రాత్రి వాడలో బండి తిరిగినప్పుడు, మేడమీద పురిటిబిడ్డ వున్న యింటి నుండి బాలింత తల్లి దిగివచ్చి, “ఏమయ్యా మేస్త్రీ, నీ కొట్టు నడవాలంటే నా మనవడు నిద్ర మానుకోవాలా?” అని అడిగినది. మేస్త్రి తల వంచుకున్నాడు. మేమూ పక్కనే వున్నాము, మాకూ మాట రాలేదు. నియమాల సంగతి సరేసరి. 1989 కేంద్ర మోటారు వాహన నియమాలలో 120వది ప్రతి బండికీ సైలెన్సరు వుండి తీరాలంటుంది. కోసిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డురోలరు కింద తొక్కించడము మనము చూచుచున్నదే.

మూడవ సారి చిల్లుల గొట్టము, గాజుదూదితో తనే కొత్త డబ్బా చుట్టినాడు. ధ్వని గంభీరముగా, మెత్తగా వచ్చినది. కాని బండి యాభై కిలోమీటర్ల వేగము అందుకోగానే లోపల గుయ్యిమని రొద. రెండు ఆదివారాలు బండి కింద పడుకొని వెదికినాడు, మేము టార్చి పట్టుకున్నాము. చివరకు చూడగా, గొట్టము ఒకచోట నేల రేకుకు వ్రేలి మందము దూరములో వున్నది. ఇంజను ఒరిగినప్పుడల్లా తగులుతున్నది. మళ్లీ ఇసుక, మళ్లీ కొలిమి. వంపు మార్చి, కొత్త రబ్బర్లు వేలాడదీసిన తరువాత రొద పోయినది. బండి మళ్లీ వాడలో తిరిగినది. ఈసారి మేడమీది కిటికీ తెరుచుకోలేదు.

అమరిక విషయములో అబార్త్ ఎంత పట్టుదల గలవాడనగా, 1965లో తన రికార్డు బండిలో తాను పట్టక, బండిని పెంచలేదు. యాభై ఏళ్లు దాటిన వయసులో ఆపిల్ పండ్లు తిని ముప్పై కిలోల దాకా తగ్గి అందులో కూర్చున్నాడు. 1971లో కంపెనీని ఫియట్‌వారికి అమ్మినాడు. 1979లో వియన్నాలోనే పోయినాడు. ఆనాటి డబ్బాలు చాలామటుకు తుప్పు తినిపోయినవి. ఇంజను నడిచినప్పుడు పుట్టే నీటి ఆవిరి, చల్లారిన తరువాత లోపలే నిలిచి ఉక్కును లోపలి నుండి తింటుంది. పాత బండ్ల ప్రియులు యిప్పుడు తుప్పుపట్టని ఉక్కుతో మాదిరి చేయించుకుంటున్నారు.

ఫియట్‌వారు ఆ పేరును మళ్లీ లేపి, 2022లో అబార్త్ 500ఈ అను విద్యుత్ బండిని ప్రకటించినారు. దానికి మండే పెట్రోలు లేదు, పొగ లేదు, గొట్టము లేదు. కాని పాత పెట్రోలు బండి పలుకును పోలిన ధ్వనిని స్పీకరు ద్వారా బయటికి వినిపిస్తారు. ఈ సంగతి మేము చెప్పినప్పుడు మేస్త్రి గొట్టము వంచుతున్నాడు. కాసేపు ఆగి, “ఆ స్పీకరు బండి కింద ఎక్కడ బిగిస్తారు బాబూ? దానికి బ్రాకెట్టు వుంటుందా?” అని అడిగినాడు.